పొయ్యి ఎత్తు

ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా లేచి చెప్పులు వేసుకోవడం నరహరి అయ్యవారికి అలవాటు. జవాబు ఎక్కడో బయట ఉంటుందనీ, నడిచి వెళ్ళి చూసుకోవలసిందేననీ ఆయన నమ్మకం. తుని దగ్గర కొండ వారన ఆయన నడిపే వైద్యశాలలో చదువుకున్న శిష్యులందరికీ ఈ సంగతి తెలుసు.

ఆ శిష్యుల్లో దక్షిణామూర్తి తైలశాల పెత్తనం చూసేవాడు. కష్టపడే మనిషి, మెతక మనసు. అక్కడ ఏళ్ళ తరబడి తైలాలు కాచిన సింహాద్రమ్మ ఒకనాడు పని మానేసి, తునిలో మరో మందుల షెడ్డులో చేరింది. ఆమె వెళ్ళాక పాకం కుదరలేదు. ఒక వాయి మాడిపోయింది, తర్వాతి వాయి పచ్చివాసన వేసింది. కీళ్ళనొప్పుల రోగులు ఖాళీ సీసాలతో తిరిగి వెళ్తుంటే చూడలేక దక్షిణామూర్తి గురువు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

“అయ్యవారూ, అక్కడ జీతం ఇక్కడికన్నా ఎక్కువేం కాదట. పైగా రోజూ బస్సెక్కి పోవాలి. వెళ్తానన్న రోజున జీతం పెంచుతానని కూడా అన్నాను. సొంత అక్కలా చూసుకున్నాను. మంచి పనివాళ్ళు ఎందుకు వెళ్ళిపోతారండీ? వాళ్ళను నిలుపుకోవడం ఎలా?”

అయ్యవారు చెప్పులు వేసుకున్నారు.

ఇద్దరూ బస్సు దిగి ఆ షెడ్డు చేరేసరికి సింహాద్రమ్మ నడుమెత్తు పొయ్యి ముందు నిలబడి తైలం కలియబెడుతోంది. వీళ్ళను చూడగానే “అయ్యోరూ, మీరే వచ్చారా!” అంటూ గరిటె పక్కావిడ చేతికిచ్చి, కొంగుతో బల్ల తుడిచి కూర్చోబెట్టింది. కొబ్బరిబొండాలు తెప్పించింది. అంతలో షెడ్డు యజమానురాలు హైమవతి గుమ్మంలోంచి తొంగిచూసింది.

“అత్తా, వావిలాకు తైలం ఈ పూట పెట్టేద్దామా?”

“ఆకు ఇంకా పచ్చిగా ఉందమ్మా. ఒక పూట ఆరనీ.”

“సరే అత్తా, నీ ఇష్టం” అని ఆమె వెళ్ళిపోయింది.

దక్షిణామూర్తి ఆ గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, “నా దగ్గర నీకేం తక్కువ చేశాను సింహాద్రమ్మా?” అన్నాడు.

“తక్కువేటీ చెయ్యలేదు బాబూ. ఎవరు పాకం పాడుచేసినా, సింహాద్రమ్మ చూసుకుంటుందిలే అని నా పొయ్యి మీదకే తెచ్చేవారు. నేను దింపిన తైలం మాత్రం మీరొచ్చి మళ్ళీ చూస్తేగాని సీసాలకెక్కేది కాదు. గొంతుక్కూర్చుని మోకాళ్ళు పట్టేస్తున్నాయి, పొయ్యి కాస్త ఎత్తు కట్టించండని ఎన్నిమార్లు అడిగానో మీకు గుర్తుందా? చూద్దాంలే అనేవారు. ఆఖరికి నేనడగని జీతం ఇస్తానన్నారు.”

నవ్వబోయింది గాని, కళ్ళు తుడుచుకుంది.

“మీ మీద కోపం లేదు బాబూ. ఆ రోజు మీ మొహం చూసి, పోనీ ఉండిపోదామా అనుకున్నాను కూడా.”

తిరిగి రమ్మని అడగబోయాడు దక్షిణామూర్తి. అయ్యవారు అతని భుజం మీద చెయ్యి వేసి ఆపారు. “ఇప్పుడు మోకాళ్ళు ఎలా ఉన్నాయమ్మా?” అని ఆమెను అడిగారు. బాగానే ఉన్నాయంది. బస్సు దాకా వచ్చి సాగనంపింది.

వైద్యశాల చేరగానే దక్షిణామూర్తి నేరుగా తైలశాలకు వెళ్ళాడు. అక్కడ వేళ్ళూ బెరళ్ళూ తరిగే గవరయ్య కత్తిపీట ముందు ఉన్నాడు. నెమ్మదస్తుడు. పని చేస్తాడు తప్ప మాట్లాడడు. దక్షిణామూర్తి అతని పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

“గవరయ్యా, ఈ పనిలో నీకు ఇబ్బందిగా ఉన్నదేమిటి?”

గవరయ్య చేతిలోని వేరు జారిపోయింది. “నా వల్ల ఏదైనా తప్పు జరిగిందా బాబూ? పనిలోంచి తీసేస్తున్నారా?” అన్నాడు.

ఆ మాటకు దక్షిణామూర్తి ప్రాణం చివుక్కుమంది. ఇన్నేళ్ళలో తాను ఇతని పక్కన ఎప్పుడూ కూర్చోలేదని అప్పుడు తెలిసింది. చాలాసేపు బుజ్జగిస్తే గవరయ్య నోరు విప్పాడు. మధ్యాహ్నమయితే ఎండ నేరుగా మొహం మీద కొడుతుందట, కత్తి అంచు కనబడదట. ఒక తడిక అడ్డం ఉంటే చాలునట. దక్షిణామూర్తి అప్పటికప్పుడు తాటాకు తడిక వెతికి తెచ్చాడు. ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస గవరయ్య చేత కట్టించాడు. ఎక్కడ కట్టాలో గవరయ్యే చెప్పాడు.

సాయంత్రం గురువు దగ్గరికి వచ్చిన శిష్యుడి మొహం వెలిగిపోతోంది.

“తడిక కట్టేశానండీ. ఇక గవరయ్య ఎక్కడికీ వెళ్ళడు కదా?”

అయ్యవారు వాత్సల్యంగా అతని తలమీద అంటుకున్న తాటాకు ముక్క తీసి పారేశారు.

“తడిక ఎన్నాళ్ళుంటుంది నాయనా! అది చిరిగిన రోజున నీ దగ్గరికొచ్చి చెప్తాడేమో చూడు.”