చప్పుడు లేని భోజనం

అనగనగా ఇప్పచెట్లు దండిగా ఉన్న ఒక అడవి. ఆ అడవిలో జంతువులన్నీ సాయంత్రం పూట కలిసి తినేవి. ఎవరు నమిలితే ఎక్కువ చప్పుడవుతుందో వాళ్లకే అక్కడ గొప్ప. బొద్దయ్య అనే ఎలుగుబంటి ఎండు రేగుపళ్లను గింజలతో సహా కరకరా నమిలేవాడు. ఆ చప్పుడుకి కుందేళ్లు చెవులు మూసుకునేవి. బొద్దయ్యకు కావలసిందీ అదే. మెత్తగా తినేవాళ్లంటే అతనికి చులకన. తాబేలు నీలవ్వను 'జావ నోరు' అని ఏడిపించేవాడు.

ఒకనాడు గొప్పకు పోయి పచ్చి వెలక్కాయ కొరికాడు. కాయ పగల్లేదు, దవడపన్ను విరిగింది.

చెబితే పరువు పోతుందని ఆ సంగతి దాచేశాడు. మొదట రేగుపళ్లు నమలబోతే ప్రాణం పోయినంత పనైంది. తర్వాత నమలకుండా మింగితే గొంతుకు అడ్డం పడ్డాయి. చివరికి తినడమే మానేసి, కాలికింద ఎండుటాకులు నలుపుతూ నములుతున్నట్టు నటించాడు. పాపం, డొక్కలు ఎండిపోయి నడిస్తే తూలిపోసాగాడు. ఇలాగే ఉంటే చచ్చిపోతానని అతనికి భయం పట్టుకుంది.

సిగ్గు చంపుకుని నీలవ్వ దగ్గరికే వెళ్లాడు. "అవ్వా, నా పన్ను విరిగింది. నమలలేకపోతున్నాను," అన్నాడు తల వంచుకుని.

నీలవ్వ దెప్పలేదు. "ఒక్క పన్నుకే ఇంత దిగులా నాయనా? మా తాబేళ్లకు పుట్టుకతోనే ఒక్కటీ ఉండదు. మేం బతకడం లేదూ?" అంది.

వాగు ఒడ్డున రాతి గుంటలో తను నానబెట్టుకున్న ఇప్పపూలు చూపించింది. బొద్దయ్య ఒక పువ్వు నాలుక మీద పెట్టుకున్నాడు. అది అంగిలికి తగలగానే చితికి, తియ్యటి రసం ఊరింది. గుజ్జు వెన్నలా గొంతులోకి జారిపోయింది. ఎక్కడా నొప్పి లేదు. బొద్దయ్యకు ప్రాణం లేచివచ్చింది. ఇంత హాయిని ఇన్నాళ్లూ ఎగతాళి చేశానే అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పెట్టుకుంటూనే అవ్వకు ఒక్క పువ్వు కూడా మిగల్చకుండా గుంట ఖాళీ చేశాడు.

మర్నాడు సాయంత్రం, తనే ఏరి నానబెట్టుకున్న పూలు దొప్పలో పెట్టుకుని అందరి మధ్యా కూర్చున్నాడు. ఇవాళ చప్పుడేదని కోతి అడిగింది.

"పన్ను విరిగింది. ఇకమీదట నాది మెత్తటి తిండే," అని చెప్పేశాడు.

ఎవరూ నవ్వలేదు. అడవిపంది మాత్రం మెల్లగా పక్కకు జరిగి వచ్చింది. "నాకూ నాలుగు పూలు పెట్టు బాబాయ్. చిగుళ్లు వాచి ఎన్నాళ్లయిందో," అని అతని చెవిలో గొణిగింది.

నీతి: గొప్ప కోసం బాధను దాచుకుంటే అది మనల్నే తినేస్తుంది, నోరు విప్పి చెబితే మనతో పాటు మరొకరికీ ఊరట దొరుకుతుంది.