పదిహేడో వార్డు నిచ్చెనగారు

మెట్లపాలెంలో తెలివి ఎక్కడ దొరుకుతుందని అడిగితే, మిట్టవీధిలో గొర్లె వారింటికి వెళ్ళమని ఎవరూ చెప్పరు. ఆ ఇంటివాళ్ళు మాత్రం చెబుతారు. అడక్కపోయినా చెబుతారు. ఇంట్లో ఉండేది నలుగురు. పెద్దోడు గవరయ్య, నడిపోడు సింహాద్రి, చిన్నోడు పోలినాయుడు, గవరయ్య పెళ్ళాం పైడమ్మ.

"మా నలుగురి తెలివిలో సగం తీసి ఊరంతా పంచినా, మాకింకా మిగులుద్ది" అని పైడమ్మ బడ్డీకొట్టు దగ్గర నిలబడి అంటుండేది. వింటున్నవాళ్ళు నవ్వితే, సంతోషం పట్టలేక నవ్వుతున్నారనుకునేది.

వాళ్ళ తెలివికి ఒక్క మచ్చు చాలు. ఒకసారి బియ్యం బస్తా కొన్నారు. దానిమీద 'పొడి ప్రదేశంలో ఉంచవలెను' అని రాసి ఉంది. అప్పుడు శ్రావణమాసం, వారంరోజులుగా ముసురు. మా జిల్లాలో పొడి ప్రదేశం ఎక్కడుంటుంది? నలుగురూ కూర్చుని ఆలోచించారు. అంతే, సింహాద్రి బస్తా భుజానికెత్తుకుని అనంతపురం రైలెక్కాడు. పది రోజుల తర్వాత తిరిగొచ్చాడు. బస్తా పొడిగానే ఉంది. ఇంట్లో ముగ్గురూ గంజికి కూడా బియ్యం లేక డొక్కలెండి ఉన్నారు. అయినా కంపెనీవాళ్ళ మాట నిలబెట్టామని వాళ్ళకి ఒకటే సంబరం.

నవ్వొస్తుంది గానీ, మా వీధి వాళ్ళనే నమ్ముకోవాల్సిన రోజు ఒకటొచ్చింది. అది చెబుతాను.

మా మిట్టవీధి కొండవాలు మీద ఉంది. కుళాయి కింద ఉంది. మధ్యలో అరవై రెండు మెట్లు. వీధి మొదట్లో నూకాలమ్మ ఇడ్లీ కొట్టు. ఆవిడకి అరవై దాటాయి, మోకాళ్ళు రెండూ వాచిపోయాయి. పిండికీ, సాంబారుకీ, గిన్నెలకీ రోజుకి పద్నాలుగు బిందెలు మోయాలి. "ఈ ఏడు నీళ్ళు రాకపోతే పొయ్యి ఆర్పేత్తాను. ఇంక నావల్ల కాదు" అని ఆవిడ తేల్చి చెప్పేసింది. మాకందరికీ గుండెల్లో రాయి పడింది. మా వీధి సగం మంది ఆ ఇడ్లీలు తినే పనిలోకి వెళ్తారు.

కౌన్సిలర్ ఎన్నికలొచ్చాయి. నీళ్ళు తెస్తామని గెలిచినవాళ్ళు ఇదివరకు ముగ్గురున్నారు. ముగ్గురూ మళ్ళీ మెట్లెక్కలేదు. నూకాలమ్మ బాగా ఆలోచించి వీధివాళ్ళని పిలిచింది.

"సెప్పింది సెప్పినట్టు సేసేవోళ్ళు ఈ ఈదిలో ఎవులున్నారు? ఆ గొర్లె వోరే. ఇంకోలాగ సెయ్యడం ఆళ్ళకి రాదు. గవరయ్యని నిలబెడదాం" అంది.

ఆ మాటలో న్యాయం ఉంది. గవరయ్య చేత నామినేషన్ వేయించాం. నిచ్చెన గుర్తు ఇచ్చారు. వాళ్ళింట్లో నిజంగానే ఓ పాత వెదురు నిచ్చెన ఉంది, ప్రచారానికి దాన్నే మోసుకు తిరిగారు.

"జోడించిన సేతులు ఓట్లు అయ్యేదాకా ఇడదియ్యకు" అని నూకాలమ్మ గవరయ్యకి చెప్పింది. అంతే. పన్నెండు రోజులు గవరయ్య చేతులు విడదియ్యలేదు. పైడమ్మ ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. దోమ కుడితే సింహాద్రి గోకాడు. స్నానం సంగతి పోలినాయుడు చూసుకున్నాడు. నిద్రలో చేతులు విడిపోతాయేమోనని రాత్రిళ్ళు తువ్వాలుతో కట్టేసేవారు. ఇంత వినయం జనం ఎన్నడూ చూసి ఉండరు. ఇంకేముంది, పదకొండు ఓట్ల మెజారిటీతో గవరయ్య గెలిచాడు.

మేం పూలదండతో వాళ్ళింటికి వెళ్ళేసరికి కొత్త కౌన్సిలర్ అరుగుమీద తల పట్టుకుని కూర్చున్నాడు. కళ్ళనిండా నీళ్ళు.

"ఏటయ్యింది గవరయ్యా?" అంది నూకాలమ్మ.

"నానోడిపోనాను పిన్నీ. లెక్కింపు కాడ దగ్గరుండి సూసినాను. కాయితం మీద నా పేరు ఒకపక్కుంది, నిచ్చెన బొమ్మ ఒకపక్కుంది. ముద్రలన్నీ నిచ్చెన మీదే పడ్డాయి. నా పేరు మీద ఒక్కటీ పడనేదు."

"మరి నువ్వెవులికేసినావు?"

"నిచ్చెనకే."

తమ్ముళ్ళని అడిగారు. నిచ్చెనకే అన్నారు. పైడమ్మనడిగితే చీరకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కట్టుకున్న పెళ్ళాం కూడా నిచ్చెనకే వేసింది. అబద్ధం చెప్పడం ఎందుకు, నేనూ నిచ్చెన మీదే ముద్ర గుద్దాను.

"గెలిసింది నిచ్చెన. దాని కాయితం నాను పట్టుకొచ్చేసినాను. ఎంత పాపం" అన్నాడు గవరయ్య.

ఇంకేముంది, మేం తెచ్చిన దండ నిచ్చెనకి పడింది. బొట్టు పెట్టారు. ఆఫీసువాళ్ళిచ్చిన గెలుపు కాగితం పై మెట్టుకి దారంతో కట్టారు. ఆ పూటనుంచి ఇంట్లో ఎవరూ దాన్ని నిచ్చెన అనలేదు. 'నిచ్చెనగారు' అన్నారు. అటక మీద ఉల్లిపాయలు కావాలంటే పోలినాయుడు సింహాద్రి భుజాలెక్కి తీశాడు. ఇద్దరూ కిందపడ్డారు. అయినా కౌన్సిలర్ గారి మీద కాలు పెట్టలేదు.

ప్రమాణస్వీకారం రోజున అన్నదమ్ములు ముగ్గురూ నిచ్చెనని మోసుకెళ్ళి మైకు ముందు నిలబెట్టి పక్కకి తప్పుకున్నారు. కమిషనర్ గారు ప్రమాణం చదవమన్నారు. నిచ్చెన చదవలేదు. పావుగంట చూశారు. "కొత్త కదండీ, సిగ్గు పడతన్నారు" అని సింహాద్రి సర్దిచెప్పాడు. చివరికి కమిషనర్ గారు విసిగిపోయి, "ఆ మోసుకొచ్చినాయన చదవండి" అన్నారు. గవరయ్య చదివాడు. అలా మా వార్డు గండం మొదటిసారి గట్టెక్కింది.

అసలు గండం తర్వాతి వారం వచ్చింది. మిట్టవీధికని ఎప్పుడో రాసిపెట్టిన పైపులైను ఒకటుంది. దాన్ని తొమ్మిదో వార్డుకి మార్చాలని ఛైర్మన్ గారి ఎత్తు. ఆయన కొత్తగా కట్టుకున్న మేడ ఆ వార్డులోనే ఉంది మరి. మొత్తం పందొమ్మిదిమంది కౌన్సిలర్లు. తొమ్మండుగురు ఛైర్మన్ వైపు, తొమ్మండుగురు ఎదటివైపు. మిగిలిన ఆ ఒక్కడూ మా గవరయ్య. అతను ఎటు చెయ్యెత్తితే పైపు అటు.

ఈ సంగతి తెలిసి నూకాలమ్మ వాళ్ళింటికి పరిగెత్తింది. అక్కడ నలుగురూ దిగులుగా ఉన్నారు.

"సెయ్యెత్తాలంట పిన్నీ. నిచ్చెనగారికి సేతులెక్కడున్నాయి?" అన్నాడు గవరయ్య.

"పొలంలో దిట్టిబొమ్మ సెయ్యి కోసి మేకులు కొడదామని నానంటన్నాను" అన్నాడు పోలినాయుడు, రంపం చూపించి.

నూకాలమ్మ ఆ రంపం లాక్కుని పక్కన పెట్టింది. నిచ్చెన గెలవలేదని చెప్పి లాభం లేదని ఆవిడకి తెలుసు. "మేకులొద్దు నాయనా. నిచ్చెనగారు నడవలేరు, నువ్వు మోత్తన్నావు. మాటాడలేరు, నువ్వు మాటాడతన్నావు. అలగే ఆరి బదులు సెయ్యి కూడా నువ్వే ఎత్తు. నీళ్ళు మిట్టీదికేనని ఆళ్ళు రాసిచ్చేదాకా ఎత్తిన సెయ్యి దించకు" అంది.

"అలగే" అని గవరయ్య అక్కడికక్కడే కుడిచెయ్యి ఎత్తేశాడు. మీటింగు మర్నాడు.

ఆ రాత్రి చెయ్యెత్తుకునే పడుకున్నాడు. పొద్దున్న తమ్ముళ్ళు నిచ్చెన మోస్తుంటే చెయ్యెత్తుకునే బయల్దేరాడు. బజార్లో ఆటోవాళ్ళు తమనే పిలుస్తున్నాడనుకుని ఒక్కొక్కళ్ళే ఆగారు. ఆగితే గవరయ్య ఎక్కడు, చెయ్యి దించడు. "ఎక్కుతావా లేదా" అని వాళ్ళు వెంటపడ్డారు. మునిసిపల్ ఆఫీసు గేటు దగ్గరికి చేరేసరికి ముందు నిచ్చెన, వెనక తొమ్మిది ఆటోలు. కొత్త కౌన్సిలర్ ఊరేగింపుగా వస్తున్నాడని లోపల కబురు పోయింది.

మీటింగు మొదలైంది. నూకాలమ్మతోపాటు మేం ఓ పదిమందిమి వెనక బెంచీల మీద కూర్చున్నాం. గవరయ్య నిచ్చెనని కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన చెయ్యెత్తి నిలబడ్డాడు.

"మిట్టవీధి పైపుని తొమ్మిదో వార్డుకి మార్చడానికి ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి" అన్నారు ఛైర్మన్ గారు.

తొమ్మిది చేతులు లేచాయి. గవరయ్య చెయ్యి అప్పటికే లేచి ఉంది. కమిషనర్ గారు లెక్కపెట్టి, "పది" అన్నారు.

నూకాలమ్మ మొహం పాలిపోయింది. పది చాలు, పైపు పోయినట్టే. ఆ మనిషిని నిలబెట్టమన్నది ఆవిడే, చెయ్యెత్తమన్నదీ ఆవిడే. మా నోటికాడ కూడు మా చేత్తోనే తీసేసుకున్నాం అనిపించింది.

"ఒప్పుకోనివాళ్ళు చేతులెత్తండి" అన్నారు ఛైర్మన్ గారు, అప్పుడే నవ్వుతూ.

ఎదటివైపు తొమ్మిది చేతులు లేచాయి. గవరయ్య చెయ్యి దిగితే కదా. కమిషనర్ గారు లెక్కపెట్టారు. పది. పక్కనున్న గుమాస్తా పదీ పదీ కూడాడు. ఇరవై. కౌన్సిలర్లు పందొమ్మిది మంది.

మళ్ళీ లెక్కపెట్టారు. మళ్ళీ ఇరవై. వరసగా ఒక్కొక్కళ్ళనీ వేలుపెట్టి లెక్కపెట్టారు. ఇరవయ్యే.

"రెండు చేతులెత్తింది ఎవరయ్యా?" అన్నారు ఛైర్మన్ గారు కోపంగా.

"నాది ఒక్కటే బాబూ. నిన్నటినించీ అదే" అన్నాడు గవరయ్య.

"చేతులు మనుషులకన్నా ఎక్కువైతే రాయడానికి పుస్తకంలో గడి లేదండి" అన్నాడు గుమాస్తా.

"ఇదిగో, నువ్వు ఆ చెయ్యి దించు."

"నాది కాదండీ, నిచ్చెనగారిది. ఆరి బదులు ఎత్తినాను. నీళ్ళు మిట్టీదికేనని తమరు రాసిచ్చేదాకా దించకూడదండి."

ఛైర్మన్ గారు బతిమాలారు, బెదిరించారు. చెయ్యి దిగలేదు. సరే, తర్వాతి విషయానికి పోదామన్నారు. వీధి కుక్కల సంగతికీ ఇరవై చేతులే. బస్టాండు మరుగుదొడ్ల సంగతికీ ఇరవై చేతులే. ఒంటిగంటయింది. పక్కగదిలో భోజనాలు సిద్ధంగా ఉన్నాయి, ఛైర్మన్ గారింటినుంచి వచ్చిన కొరమీను పులుసు వాసన హాలంతా పాకుతోంది. రెండయింది. సొంత మనుషులే ఛైర్మన్ వంక గుర్రుగా చూడసాగారు. రెండున్నరకి ఆయన కాగితం లాక్కున్నారు.

"మిట్టవీధి పైపు మిట్టవీధికే. రాశాను. సంతకం పెట్టాను. ముద్ర కూడా కొట్టాను. దించు నాయనా."

గవరయ్య దించబోయాడు. చెయ్యి కొయ్యబారిపోయి దిగలేదు. సింహాద్రీ పోలినాయుడూ చెరోవైపునుంచి వేలాడి కిందికి దించారు. గుమాస్తా ఆఖరుసారి లెక్కపెట్టుకుని అమ్మయ్య అనుకున్నాడు.

ఆ కాగితం ఇంటికి చేరగానే పైడమ్మ కొత్త బిందె కడిగి, కాగితం అందులో వేసి, మూతపెట్టి కూర్చుంది. సాయంత్రం మూత తీసి చూసి, "ఇంకా రానేదు" అని చిన్నబుచ్చుకుంది. కాగితం నుంచి కుళాయి దాకా కొంత దూరం ఉంటుందని నూకాలమ్మ నచ్చజెప్పింది. సరిగ్గా నలభై రోజులు పట్టింది.

మా వీధిలో కుళాయి తిప్పిన రోజు నేను మరిచిపోలేను. ముందు గాలి వచ్చింది, తర్వాత ఎర్రనీళ్ళు, తర్వాత మంచినీళ్ళు. తొలి బిందె నూకాలమ్మ పట్టింది. నాలుగడుగులు వేసి కొట్లోకి వచ్చేసింది. అంతే దూరం. ఆవిడ బిందె దింపి, అరవై రెండు మెట్ల వంక చూసి, వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత గవరయ్య రెండు చేతులూ పట్టుకుంది.

"నాయనా, నువ్వే గెలిసినావురా. నువ్వు కాబట్టే ఒచ్చినాయి" అంది.

"నాదేటుంది పిన్నీ. అంతా నిచ్చెనగారి సలవ" అన్నాడు గవరయ్య. నిజంగానే అలా అనుకున్నాడు పాపం.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది. పైడమ్మకి భక్తి ఎక్కువైంది. "ఇన్నాళ్ళు ఆపీసులంట తిరిగి నిచ్చెనగారు దుమ్ము కొట్టుకుపోనారు. రేపు మన సొంత నీళ్ళతో తలంటు పోద్దాం" అంది. మర్నాడు తెల్లారగానే నువ్వులనూనె, కుంకుళ్ళు సిద్ధం చేసింది. నీళ్ళు కాగుకెత్తింది. రాత్రి వానకి కట్టెలన్నీ తడిసి ఉన్నాయి.

"పోలినాయుడూ, పెరట్లో గోడకి ఆనించి ఎండుకర్ర ఏదుంటే అది కొట్టుకురా" అని కేకేసింది.

చిన్నోడు చెప్పింది చెప్పినట్టు చేసేవాడు కదా. పెరట్లో చూరుకింద గోడకి ఆనించి ఉన్న ఎండుకర్ర ఒక్కటే ఉంది. అంతే, కొట్టుకొచ్చాడు. నీళ్ళు కుతకుతా కాగాయి. అంత బాగా మండిన కర్ర ఈ మధ్య చూడలేదని పైడమ్మ మెచ్చుకుంది. తర్వాత, "ఇంక నిచ్చెనగారిని తీసుకురండి" అంది.

వెతికారు. పెరటి గోడ దగ్గర దండలోంచి రాలిన పూలరేకులు ఉన్నాయి. పొయ్యిలో బూడిద ఉంది. ఇంకేముంది, ఇంట్లో ఒకటే గోల. సింహాద్రి పొయ్యిలోని బూడిద ముంతకెత్తాడు. కాగిన నీళ్ళతో నలుగురూ తలారా స్నానాలు చేశారు.

ఆ కబురు విని నూకాలమ్మ పిండిచేతులతో పరిగెత్తుకొచ్చేసరికి, నలుగురూ ముంత పట్టుకుని మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళిపోయారు. ఆవిడ వెనక నేనూ పరిగెత్తాను. మేం చేరేసరికి గవరయ్య కమిషనర్ గారి బల్ల ముందు నిలబడి ఉన్నాడు.

"మా వార్డు కౌన్సిలర్ గారు పోయారు బాబూ. మళ్ళీ ఎన్నిక పెట్టించండి."

కమిషనర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "పదిహేడో వార్డు కౌన్సిలర్ గొర్లె గవరయ్య. మరి నువ్వెవరు?"

"నాను మోసేవోణ్ణండి" అన్నాడు గవరయ్య కళ్ళు తుడుచుకుంటూ. "ఈసారి మాకు ఇనప బీరువా గుర్తు ఇప్పించండి బాబూ. అదయితే కాలదు."

"బరువైతే అవనియ్యండి. మొయ్యడానికి మేం నలుగురం ఉన్నాం" అన్నాడు సింహాద్రి.