గాదెలపేట కంతలమ్మ: మూయని ఇరవై ఒకటో కంత

గాదెలపేట ధాన్యపు వీధి చివర కంతలమ్మ గుడి ఉంది. గుడి అన్నాం కదా అని గోపురం కోసం తల ఎత్తి వెతకనక్కరలేదు. పాత గాదె గోడ ఒక్కటే అమ్మవారి ఆలయం. ఆ గోడలో ఇరవై కంతలు సున్నంతో మూసి ఉంటాయి. పై వరుసలో ఇరవై ఒకటోది మాత్రం తెరిచే ఉంటుంది. భక్తులు నిచ్చెన ఎక్కి పసుపు కుంకుమలు పెట్టేది దానికే.

పూర్వం ఇక్కడ ఊరందరి ధాన్యమూ ఈ గాదెలోనే ఉండేది. గోడ కట్టినప్పుడు పరంజా కర్రల కోసం వదిలిన కంతల్లో పావురాలు చేరి, గింజలు తిన్నంత తిని, మిగిలినవాటిని రెట్టలతో పాడుచేసేవి. పెద్దలు విసిగిపోయి, కంతలన్నీ మూయమని తాపీ పనివాడు అప్పలకొండకు చెప్పారు.

అప్పలకొండ జాగ్రత్త గలవాడు. లోపల చేయి పెట్టి చూడనిదే ఏ కంతా మూసేవాడు కాదు. పిల్లలుంటే అవి ఎగిరిపోయేదాకా ఆగేవాడు. అలా ఇరవై మూసి, ఆఖరిదానికి చేయి చాపేసరికి లోపల బుస్సుమంది.

కింద సున్నం కలుపుతున్న భార్య నూకాలు, ఆ కంత సూటిన నేల మీద ఏదో కక్కినట్టున్న వెంట్రుకల ఉండలు ఏరి విరిచి చూసింది.

“ఇది పావురాలది కాదు. ఎలక ఎముకలున్నాయి ఇందల. ఓపాలి సెయ్యెట్టి సూడయ్యా!”

“బుస్సుమంటంటే ఇనబడత్నేదేటి? పామే. సెయ్యెడితే పైడమ్మకి అయ్య ఉండడు” అన్నాడు అప్పలకొండ. పైడమ్మ వాళ్ల ఆరేళ్ల కూతురు. అతని భయమంతా ఆ పిల్ల కోసమే. రెండు తాపీల సున్నంతో కంత మూసేశాడు.

మూడు రోజులు లోపల బుసలు వినిపించాయి. తెల్లమొగం గూబ ఒకటి సందె వేళ వచ్చి సున్నాన్ని గోళ్లతో గీకి గీకి పోయేది. నాలుగోనాటికి బుసలు ఆగాయి. గూబ మళ్లీ రాలేదు.

ఆ తరువాత గాదెలో ఎలుకలు పెరిగాయి. నెల తిరిగేసరికి ఆ ఎలుకలే వీధుల్లో పడి చచ్చాయి. వాటి వెనుకే మనుషులకు చంకల్లో గడ్డలు, జ్వరం. పైడమ్మ ఒళ్లు కూడా కాలిపోయింది. పిల్ల పక్కన కూర్చుని కునుకు తీసిన అప్పలకొండకు కలలో తెల్లని ముఖం గల అమ్మవారు కనబడి, “నా గాదె కాపలావాళ్లను గోడలో పూడ్చావు. మూసిన చేత్తోనే తెరువు” అన్నది.

అతను పరుగున వెళ్లి ఉలితో సున్నం పగలగొట్టాడు. ఇప్పుడు చేయి పెట్టాడు. ఐదు గూబ పిల్లలు, ఒకదానినొకటి అంటుకుని ఎండిపోయి, చల్లగా తగిలాయి. పాము లేదు. ఎలుకలను తిని ఊరిని కాసే పక్షుల పిల్లలే ఆకలికి అలా బుసకొట్టాయి. ఇంటికొచ్చి అదే చేయి పైడమ్మ నుదుట పెట్టాడు. అదీ చల్లగానే తగిలింది. అతనిది ఎంత పాపిష్టి రోజో చెప్పడానికి మాకు మాటలు చాలవు.

తెరిచిన కంతలో తరువాతి ఏడాది గూబలు చేరాయి. ఊళ్లో జ్వరం తగ్గింది. ఆ కంతకు మొదటి బొట్టు పెట్టింది నూకాలే.

నేటికీ గాదెలపేటలో, ఇంటి చూరైనా మేడ మీది కిటికీ సందైనా, పక్షుల పోరు పడలేక మూయదలచినవారు ముందు వట్టి చేయి పెట్టి చూస్తారు. గూడుంటే పిల్లలు ఎగిరేదాకా ఆగుతారు. అమ్మవారు పిల్లలను జ్వరాల నుండి కాపాడుతుందని నమ్మకం. ఏటా జాతరనాడు అప్పలకొండ వంశీకుడొకడు నిచ్చెన ఎక్కి కంతలో చేయి పెట్టి, దిగి వచ్చి, ఇంట్లోని చిన్న ఆడపిల్ల నుదుట ఆ చేయి ఆనించి, అందరికీ వినబడేలా చెబుతాడు: “ఎచ్చగానే ఉంది.” ఆ మాట విన్నాకే ఊళ్లో పొయ్యిలు వెలుగుతాయి.