ఏడవకూడదన్న రాజుగారు

ఒరేయ్ శ్రీకరూ, గోడవైపు తిరిగి మూతి ముడుచుకు పడుకున్నది చాలుగానీ, ఇటు తిరుగు. హారికా, నువ్వు కాళ్ళు కాస్త జరుపు తల్లీ, ముసలిదాని నడుం కూడా ఈ మంచం మీదే వాలాలి మరి. ఏవిటీ, కథా? చెప్తాను. ఇవాళ జరిగినదానికి ఏ కథ చెప్పాలో నాకు తెలుసు.

పొద్దున్న డాబా మీద చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టి, కాకి ముట్టకుండా చూడరా నాన్నా అని వీణ్ణి కూర్చోబెట్టి కిందకి వెళ్ళానా? తిరిగొచ్చి చూద్దును కదా, పక్కింటి మేక మెట్లెక్కి వచ్చి సగం చీర ఖాళీ చేసేసింది, మిగతా సగం మీద మూతి పెట్టింది. వీడేమో కర్ర పట్టుకుని ఆకాశంకేసి చూస్తున్నాడు. ఇదేవిట్రా అంటే, ఒక్క కాకి కూడా రాలేదు అమ్మమ్మా, అన్నాడు! నవ్వకే హారికా. పాపం వాడు చెప్పింది నిజమే, ఒక్క కాకీ రాలేదు. నేనే కాస్త గట్టిగా కసిరాను. దాంతో అన్నం దగ్గర్నుంచీ ఈ అలక.

ఈ కథ మా మామ్మ చెప్పేది నాకు. మా పుట్టింట్లో నడవలో నులకమంచం వేసుకుని పడుకునేది. ఆవిడ పక్కలో దూరితే వక్కపొడీ పచ్చకర్పూరం కలిసిన వాసన. ఇప్పటికీ ఎవరైనా వక్కపొడి డబ్బా మూత తీస్తే చాలు, నా ప్రాణం ఆ నడవలోకి పోతుంది. ఊ కొడితేనే చెప్పేది మామ్మ, లేకపోతే మధ్యలో ఆపేసేది. మీరూ కొట్టండి మరి.

అనగనగా ఒక ఊరు, ఆ ఊరికో కోట, ఆ కోటలో ఓ రాజుగారు. ఆయన పేరు అడక్కండి, మామ్మ చెప్పినప్పుడల్లా మార్చేసేది. ఆ రాజుగారికి ఓ తల్లి ఉండేది. మహా దొడ్డ ఇల్లాలు. పొద్దువాటారేసరికి కోట గుమ్మంలో పీట వేసుకుని, పక్కన మజ్జిగ కుండ పెట్టుకుని కూర్చునేదిట. ఎవరు ఏడుస్తూ వచ్చినా ముందు చల్లగా ఇంత మజ్జిగ పోసి, ఏవైందమ్మా, ఏవైందయ్యా అని అడిగేదిట. ఒకరికి ఆవు చచ్చిపోయింది, ఒకరికి అత్త అన్నం పెట్టదు, ఒకరికి గట్టు తగాదా. తీరే కష్టమైతే కొడుకుని పిలిచి తీర్చమనేది. తీరని కష్టమైతే, పాపం, వాళ్ళతోపాటు తనూ కూర్చుని కళ్ళొత్తుకునేది. వచ్చినవాళ్ళు తేలికపడి ఇంటికి పోయేవాళ్ళు.

ఊ కొడుతున్నారా? ఆఁ.

ఆ తల్లికి పెద్దతనం వచ్చింది, మంచం పట్టింది. కొడుకు చెయ్యి పట్టుకుని, నాయనా, నీ రాజ్యంలో ఎవరూ ఏడవకుండా చూసుకోరా అంది. అని కన్ను మూసింది. అంతే.

రాజుగారికి తల్లంటే పంచప్రాణాలు. ఆ ఒక్క మాటా గుండెలో కట్టుకున్నాడు. ఎవరూ ఏడవకూడదన్నాక ముందు నేను ఏడవకూడదు కదా అనుకుని, కాష్ఠం దగ్గర కూడా కంట నీరు రానివ్వకుండా మింగేశాడు. మింగితే ఎక్కడికి పోతుంది చెప్పండి? గొంతులో వెలక్కాయలా కూర్చుంది. ఇంటికొచ్చి కొత్వాలుని పిలిచి, నా రాజ్యంలో ఇకమీదట ఎవరూ ఏడవటానికి వీల్లేదు, చూసుకో అన్నాడు.

కొత్వాలంటే ఊరికి కాపలా చూసే పెద్ద అధికారి. వీడెవడంటే మంత్రిగారి బావమరిది చెంచయ్య. ఏ పనికీ పనికిరాడని ఆ పనిలో పెట్టారు. అట్లని చెడ్డవాడు కాదు సుమా! చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. చెప్పినదానికి పక్కన ఇంకేవన్నా ఉంటుందని తెలియదు, అంతే. వాడు బాగా ఆలోచించాడు. రాజుగారి రాజ్యం ఏరు దాకానే ఉంది. ఏరు దాటితే మన రాజ్యం కాదు. ఏడ్చినవాణ్ణల్లా ఏరు దాటిస్తే రాజ్యంలో ఏడ్చేవాడే మిగలడు! ఎంత తెలివో చూశారా?

అప్పట్నుంచీ మొదలు. నూతి దగ్గర కుండ పగిలిందని ఓ పిల్ల ఏడ్చింది. డప్పు కొట్టు, మూట కట్టు, ఏరు దాటించు! పన్నునొప్పి అని ఓ తాత మూలిగాడు, కంట్లో చెమ్మ కనపడింది. డప్పు కొట్టు, మూట కట్టు, ఏరు దాటించు! వంటవాడు ఉల్లిపాయలు తరుగుతున్నాడు... ఆఁ, నువ్వే చెప్పు హారికా. డప్పు కొట్టు, మూట కట్టు, ఏరు దాటించు!

ఇంకోచోట పెళ్ళి. అప్పగింతలప్పుడు ఏడవకుండా ఎవరుంటారే? పెళ్ళికూతురు ఏడ్చిందని పెళ్ళికూతుర్ని, కూతురు పోయిందని ఏడ్చిన తల్లిని, తల్లిని చూసి ఏడ్చిన మేనత్తని, మేనత్తని చూసి ఏడ్చిన సన్నాయివాణ్ణి, అందర్నీ దాటించేశారు. చివరికి ఖాళీ పల్లకీ పక్కన పెళ్ళికొడుకు ఒక్కడే బాసికం కట్టుకుని నించున్నాడుట. వాడికీ ఏడుపొచ్చింది. వాడూ ఏరు దాటాడు. అదీ మంచిదేలెండి, పెళ్ళాం దగ్గరికే కదా వెళ్ళాడు.

ఊరు ఊరంతా మూగబోయింది. ఏడుపొస్తే గాదెలో తల దూర్చి ఏడ్చేవాళ్ళుట. ఏడుపు ఆపుకోవడం అలవాటైతే నవ్వు కూడా రాదర్రా, రెండూ ఒక్క గొంతులోంచే రావాలి కదా. చెంచయ్య మాత్రం రోజూ కోటకి వెళ్ళి, ఎక్కడా ఏడుపు లేదు మహారాజా అని చెప్పేవాడు. అమ్మ మాట నిలబెట్టానని రాజుగారు అనుకునేవాడు. అయినా ఆ వెలక్కాయ గొంతులోంచి దిగేది కాదు.

ఒరేయ్, ఊ కొట్టడం లేదేం? వింటున్నావా? సరే.

ఆ ఊళ్ళో పేరమ్మ అని ముసలి మంత్రసాని ఉండేది. ఊళ్ళో సగంమంది ఆవిడ చేతుల మీద పుట్టినవాళ్ళే. ఓ రోజు చెంచయ్యకి అనుమానం వచ్చింది. ఎందర్ని దాటించినా కొత్త ఏడుపులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయీ అని. వెతుక్కుంటూ వెళితే పేరమ్మ ఇంటికి తేలాడు. ఈవిడ ఏ ఇంట అడుగు పెడితే ఆ ఇంట ఓ కొత్త ఏడుపు పుడుతోంది! ఏడుపులకి వేరు ఇక్కడుందన్నమాట అనుకుని, డప్పు కొట్టించి, మూట కట్టించి, ఆవిణ్ణీ ఏరు దాటించాడు. మూట మొయ్యడానికి ఆవిడ కొడుకు కూడా వెళ్ళాడు.

ఆవిడ కోడలు మాణిక్యం. అత్త దగ్గరే పని నేర్చుకుంది. అత్త పోతుంటే దుఃఖం పొంగుకొచ్చింది. కానీ పేరమ్మ చెవిలో చెప్పింది, నువ్వు ఏడవకే, ఏడిస్తే నిన్నూ పంపేస్తారు, ఊళ్ళో పురుళ్ళు చూసే దిక్కుండదు అని. మాణిక్యం కొంగు నోట్లో కుక్కుకుని నించుంది. అత్త కోసం ఏడుపు ఆపుకునే కోడళ్ళు కథల్లోనే ఉంటారమ్మా అనేది మామ్మ ఇక్కడికి రాగానే, వంటింట్లో ఉన్న మా అమ్మకి వినపడేట్టు. మా అమ్మ గిన్నెలు కాస్త గట్టిగా పెట్టేది.

అలా ఉండగా రాజుగారి ఒక్కగానొక్క కూతురు తొలిచూలుకి పుట్టింటికి వచ్చింది. నొప్పులొచ్చాయి. మాణిక్యాన్ని పిలిపించారు. పురిటిగది గుమ్మం దగ్గర చెంచయ్య చేతిలో ఇంత దూది పట్టుకుని తయారు. ఎందుకయ్యా ఇది అంటే, బిడ్డ ఏడుస్తుందేమో, నోటికి అడ్డం పెట్టడానికి, రాజుగారింటి బిడ్డ కదా అని ఊరుకుంటే ఆజ్ఞకి విలువేం ఉంటుందీ అన్నాట్ట!

లోపల బిడ్డ పుట్టాడు. మగపిల్లాడు.

చప్పుడు లేదు.

చెంచయ్య మొహం వెలిగిపోయింది. పుడుతూనే ఆజ్ఞ పాటించాడు మహారాజా, తాతకి తగ్గ మనవడు అన్నాడు. రాజుగారు కూడా నవ్వబోయాడు. నవ్వు రాలేదు. బిడ్డ ఏడవటం లేదేం మాణిక్యం అని గుమ్మం ఇవతల్నుంచి అడిగాడు.

మాణిక్యం బిడ్డ వీపు రాస్తోంది, అరికాళ్ళు తడుతోంది, ముక్కూ నోరూ తుడుస్తోంది. చేతులు ఆగలేదుగానీ నోరు మాత్రం ఊరుకుంటుందా? ఏడవకూడదని మీ ఆజ్ఞ కదా మహారాజా, ఏడిస్తే వీణ్ణి కూడా ఏరు దాటిస్తారా, లేకపోతే ఏడవకపోతేనే మీకు సంతోషమా, ఏడిస్తేగానీ బిడ్డకి ఊపిరాడదని మీకెవరూ చెప్పలేదా అంది.

ఇంకేముంది! రాజుగారు కిరీటం తీసి అక్కడే పడేసి, తలుపుకి తల ఆనించి, ఏడవరా నాయనా, ఒక్కసారి ఏడవరా నా తండ్రీ, నీకు దణ్ణం పెడతాను ఏడవరా అని బతిమాలాడు. రాజ్యంలో ఏడుపు వద్దన్న రాజే!

కేర్ర్ మన్నాడు పిల్లాడు.

ఆ కేక వినగానే రాజుగారి గొంతులో అన్నాళ్ళుగా అడ్డంపడ్డ వెలక్కాయ కదిలింది. గుమ్మంలో కూలబడి, అమ్మా అమ్మా అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తల్లి పోయినప్పుడు ఏడవనిదంతా ఆ వేళ ఏడ్చాడు. మామ్మ ఇక్కడికొచ్చేసరికి ఆవిడ గొంతూ బొంగురుపోయేది. నాదీ పోతోంది చూడండి.

చెంచయ్యకేమో పెద్ద చిక్కొచ్చి పడింది. తాత ఏడుస్తున్నాడు, మనవడు ఏడుస్తున్నాడు. ఏం చెయ్యాలీ? ఆజ్ఞ ఆజ్ఞే. వణుకుతూ వణుకుతూ డప్పు కొట్టి, కిరీటం మూట కట్టి, మహారాజా... ఏరు... అన్నాడు. రాజుగారు కళ్ళు తుడుచుకుని, నువ్వన్నది నిజమేరా, పద అన్నాట్ట. అత్తని తెచ్చుకోవాలని మాణిక్యం కూడా, బాలింతని పిల్లాడితో సహా రాణిగారికి అప్పజెప్పి, వెనకే బయల్దేరింది.

ఏరు దాటి చూద్దురు కదా, అవతల పెద్ద ఊరే వెలిసింది! ఓ పాక ముందు ఎవరో ఏడుస్తున్నారు, చుట్టూ నలుగురు కూర్చుని ఊరుకోబెడుతున్నారు. పక్క పాకలో సన్నాయివాడు సన్నాయి ఊదుతుంటే పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ నవ్వుకుంటున్నారు. రాజుగారు ఆ నవ్వు విని ఎన్నాళ్ళైందో! మధ్యలో పేరమ్మ, మజ్జిగ కుండ పెట్టుకుని కూర్చుని ఉంది.

కోడల్ని చూసి దగ్గరకి తీసుకుంది. రాజుగార్ని కూర్చోబెట్టి ముందు మజ్జిగ పోసింది. ఆయన జరిగిందంతా చెప్పి, అమ్మ మాట నిలబెడదామనుకుంటే ఇలా అయిందేం పేరమ్మా అన్నాడు. పేరమ్మ అంది కదా, నాయనా, నువ్వు పుట్టినప్పుడూ ఇంతే, ఏడవలేదు. నేను నీ అరికాళ్ళు తడుతుంటే మీ అమ్మ, నువ్వివాళ మనవణ్ణి బతిమాలినట్టే, ఏడవరా ఏడవరా అని నిన్ను బతిమాలింది. నువ్వు కేర్రుమన్నాక నవ్వింది. అలాంటి తల్లి ఏడుపు వద్దంటుందా? ఒంటరిగా ఎవర్నీ ఏడవనివ్వకు అనే ఆవిడ మాటకి అర్థం. ఇన్నేళ్ళు గుమ్మంలో పీట వేసుకుని ఆవిడ చేసిన పని నీ కళ్ళెదురుగానే ఉంది. ఆవిడ నోటి మాట ఒక్కటే పట్టుకున్నావు, ఆవిడ చేసింది మర్చిపోయావు అంది.

రాజుగారు తలొంచుకున్నాడు. అందర్నీ వెంటబెట్టుకుని ఊళ్ళోకి తెచ్చుకున్నాడు. చెంచయ్యని ఏం చెయ్యమంటారు అని మంత్రి అడిగితే, వాడి తప్పేం ఉంది, మా అమ్మ చెప్పింది నేను చేశాను, నేను చెప్పింది వాడు చేశాడు, ఇద్దరం ఒకే తాను ముక్కలమే అన్నాట్ట. కోట గుమ్మంలో మళ్ళీ పీట పడింది. రాజుగారే కూర్చునేవాడు. చెంచయ్య పక్కన మజ్జిగ పోసేవాడు. చాలు అని చెప్పేదాకా పోస్తూనే ఉండేవాడుట, గుమ్మం అంతా మజ్జిగే! అయినా అందరూ సుఖంగా ఉన్నారు. ఏడుపొచ్చినప్పుడు ఏడ్చారు, నవ్వొచ్చినప్పుడు నవ్వారు.

నా పెళ్ళిలో అప్పగింతలప్పుడు మామ్మ నా గడ్డం పట్టుకుని, ఏడవకే తల్లీ అంది. నేను పళ్ళ బిగువున ఏడవలేదు. బండి వీధి మలుపు తిరిగేదాకా ఏడవలేదు. వెనక్కి చూస్తే ఆ ముసలిది, చెప్పులైనా లేకుండా పడుతూ లేస్తూ వస్తోంది బండి వెనకాల. బండి ఆపించాను. దగ్గరికొచ్చి, ఏవే, అంతా విని కథ మర్చిపోయావా అంది. ఇద్దరం రోడ్డు మధ్యలో ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చాం. బండివాడు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ మామ్మని చూడలేదు నేను. ఆ ఏడుపు మాత్రం ఇప్పటికీ నాకు తీపే.

అంచేత, పెద్దవాళ్ళు ఏదన్నా చెప్తే, ఆ చెప్పినదేవిటో వినాలి, ఎందుకు చెప్పారో కూడా కాస్త చూసుకోవాలి.

ఏవిటి శ్రీకరూ, కళ్ళు తుడుచుకుంటున్నావా? ఏడువు నాన్నా, ఫరవాలేదు, నేనున్నాగా. వడియాలదేవుంది, రేపు మళ్ళీ పెడదాం. రేపూ నిన్నే కూర్చోబెడతాను. ఏవిటీ? రేపు కాకికేసి కాదు, వడియాలకేసి చూస్తావా? అమ్మ నా బంగారు తండ్రీ! ఇంకేం కావాలి నాకు. దా, ఇలా దగ్గరికి దా.

ఇక కథ తన దారిన కంచికి పోయింది. మనం మన దుప్పట్లోకి పోదాం.