గవరయ్య బ్రేకు వేసిన రోజు

అనగా అనగా, అంటే మరీ అంత పూర్వం కాదు, సైకిలు పుట్టిన తర్వాత, మోటారు పుట్టకముందు, గాలిమెట్ట అని ఒక రాజ్యం ఉండేది. పిల్లలూ, కథ చాలా చిన్నది. మీ పళ్ళెంలో అన్నం చల్లారేలోపు అయిపోతుంది.

అయితే ముందు రాజుగారి సంగతి చెప్పాలి. ఆయన పేరు నరసభూపతి. ఆయన దగ్గర పదకొండు సైకిళ్ళు ఉండేవి, తొక్కడం మాత్రం రాదు. ఈ మాట నేను అనలేదు, అంతఃపురం అంతా అనేది. రోజూ సాయంత్రం మంత్రిగారు సీటు పట్టుకుంటే రాజుగారు తోటలో ఒక చుట్టు తిరిగేవారు. మంత్రిగారు వదిలేసిన రోజు గులాబీలు పాడయ్యేవి. రాణిగారు సైకిలు చక్కగా తొక్కగలరు గాని, రాజుగారు చిన్నబుచ్చుకుంటారని ఆ సంగతి ముప్పై ఏళ్ళు దాచారు. మంచి మనసు. ఆవిడ వంట గురించి మాత్రం నన్ను అడగకండి.

ఏం చెబుతున్నాను? ఆ, పందెం.

ఏటా వేసవి వెళ్ళగానే ఆ రాజ్యంలో సైకిలు పందెం జరిగేది. కొండ చుట్టూ తిరిగి కోటగోడ పక్కన ఉన్న దారిలోకి వచ్చి, రాణిగారు వేసిన ముగ్గు గీతను ఎవరు ముందు దాటితే వాళ్ళు గెలిచినట్టు. వరసగా మూడేళ్ళు గెలిచినవాళ్ళకు రాజుగారి టపా ఉద్యోగం. ఎర్ర టోపీ, తోలుసంచి, బతికినంతకాలం జీతం.

పందేనికి ఒకటే చట్టం. నువ్వు ఎవరినైనా పడగొడితే, వాళ్ళు కోలుకునేదాకా వాళ్ళ పని నువ్వే చెయ్యాలి. ఎందుకు పడగొట్టావని ఎవరూ అడగరు. అడిగితే అందరూ కథలు చెబుతారని మంత్రిగారికి తెలుసు.

ఇప్పుడు గవరయ్య. బంగారం లాంటి పిల్లవాడు. దారిలో చీమ కనిపిస్తే పక్కకు తప్పుకునేవాడు. కాని ముగ్గు గీత కనిపించిందంటే చాలు, తల దించేసేవాడు, మోచేతులు రెండూ బయటికి పెట్టేవాడు, ఇక ఎటు పోతాడో ఆ దేవుడికే తెలియాలి. టపా ఉద్యోగం అంటే వాడికి ప్రాణం. ఇంట్లో ఎర్ర గుడ్డ తలకు చుట్టుకుని అద్దంలో చూసుకునేవాడని వాళ్ళమ్మే నాకు చెప్పింది. ఎవరికీ చెప్పొద్దంది. మీకే చెబుతున్నాను.

మొదటి ఏడు చివరి ఊపులో గవరయ్య ఒక్కసారి ఎడమకు వాలాడు. ఎడమ పక్క మంగలి అప్పలకొండ ఉన్నాడు. అతను వెళ్ళి ఎండబెట్టిన మిరపకాయల కుప్పలో పడ్డాడు. గవరయ్య గెలిచాడు. అప్పలకొండ వారం రోజులు తుమ్ముతూనే ఉన్నాడు. ఆ వారం గడ్డాలన్నీ గవరయ్యే గీశాడు. అప్పుడు మా మగవాళ్ళ బుగ్గలు చూసిన పొరుగూరి వర్తకుడు, ఇక్కడ యుద్ధం జరిగిందనుకుని సరుకు దించకుండానే వెనక్కి పోయాడు.

రెండో ఏడు నవ్వడానికి లేదు. నేతపని చేసే నూకాలు ముందు పోతోంది. ఆమెకూ కోటగోడకూ మధ్య మూరెడు సందు ఉంది. గవరయ్య ఆ సందులో దూరాడు. గవరయ్య గెలిచాడు. నూకాలు చెయ్యి విరిగింది.

కట్టు విప్పేదాకా ఏడు వారాలు. గవరయ్య రోజూ పొద్దున్నే వెళ్ళి మగ్గం మీద కూర్చునేవాడు. నేసిన దానికన్నా తెంపిన పోగులే ఎక్కువ. ఒంటి చేత్తో నూకాలు జడ వేసుకోలేకపోయేది కాబట్టి ఆ పనీ వాడిదే.

"గట్టిగా వెయ్యరా, అది పాము కాదు, కరవదు" అనేది నూకాలు.

ఒకరోజు వాడు జడ పాయలు పట్టుకునే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "అక్కా, నేను కావాలని చెయ్యలేదు."

"కావాలని చేసి ఉంటే తప్పుకునేదాన్నిరా. నువ్వు ఎటు వస్తావో నీకే తెలియకపోతే నాకెలా తెలుస్తుంది?"

గవరయ్య కళ్ళు తుడుచుకుని పాయలు మళ్ళీ విడదీశాడు. ఆ రోజు జడ మాత్రం చక్కగా కుదిరింది.

మూడో ఏడు వచ్చింది. గెలిస్తే టోపీ వాడిదే. ఓడితే మళ్ళీ మొదటి నుంచి మూడేళ్ళు. రాజ్యం అంతా దారి పక్కన చేరింది. చూడనట్టు నటించేవాళ్ళు మేడల మీద చేరారు.

ఆ రోజు ఎదురుగాలి. ఎదురుగాలిలో ముందున్నవాడి వీపు చాటున వస్తే కాళ్ళకు సుఖం. గవరయ్యది వెడల్పాటి వీపు. పైగా గీత కనిపించాక గవరయ్య ఆగడని లోకానికంతా తెలుసు. ఆ నమ్మకంతో పద్నాలుగు మంది వాడి వెనక చక్రానికి చక్రం ఆనించినట్టు వస్తున్నారు. వాడి ముందు ఉన్నది నూకాలు ఒక్కతే. చెయ్యి బాగయింది. గోడకు మూరెడు ఎడంగా, సాగదీసిన పోగులా తిన్నగా పోతోంది.

ముగ్గు కనిపించింది. అదే గోడ, అదే సందు. గవరయ్య తల దించాడు, మోచేతులు బయటికి పెట్టాడు. సందులోకి ముందు చక్రం పోనిచ్చాడు. అంతలో ఎదురుగా, తను ఏడు వారాలు వేసిన ఆ జడ ఊగుతూ కనిపించింది. వాడి గుండె కరిగిపోయింది.

రెండు చేతులా బ్రేకు వేశాడు.

పద్నాలుగు మందీ వాడి మీద పడ్డారు.

నూకాలు వెనక ఏం జరిగిందో తెలియకుండా తిన్నగా పోయి ముగ్గు దాటి గెలిచింది. దుమ్ము అణిగాక రాజుగారు నడిచి వచ్చారు. సైకిలు మీద రాలేదు.

"ఎందుకురా ఆపావు?"

"అక్క పడిపోతుందని, ప్రభూ."

"ఆవిడ పడలేదు కదా?"

"లేదు, ప్రభూ."

"మరి పడిందెవరు?"

"మిగతా అందరూ, ప్రభూ."

రాజుగారు మంత్రిగారి వైపు చూశారు. మంత్రిగారు చట్టం వైపు చూశారు. మంచి మనసుతో పడగొడితే శిక్ష లేదని అందులో ఎక్కడా లేదు.

నూకాలు వెనక్కి వచ్చి గవరయ్యను కుప్ప అడుగు నుంచి లాగింది. "మనసు మార్చుకున్నావు, సంతోషం. వెనకవాళ్ళకు చెయ్యెత్తి చూపించి మార్చుకోవలసింది, నాయనా."

పద్నాలుగు మందిలో కుమ్మరి ఉన్నాడు, వడ్రంగి ఉన్నాడు, సన్నాయి ఊదేవాడు ఉన్నాడు. అందరి పనీ గవరయ్యే చేశాడు. ఆ ఏడు మా కుండలు నిలబడేవి కావు, తలుపులు మూసుకునేవి కావు. రెండు పెళ్ళిళ్ళు సన్నాయి విని వాయిదా పడ్డాయి. అయినా ఒక్కరూ వాణ్ణి తిట్టలేదు. ఎదురుగా అయితే తిట్టలేదు.

పద్నాలుగోవాడు రాజుగారి అల్లుడు. అతనికి చిటికెన వేలు బెణికింది. అతని పని ఏమిటని విచారిస్తే, ఏమీ లేదని తేలింది. చట్టం చట్టమే కాబట్టి ఏమీ చెయ్యకుండా కూర్చునే పని కూడా గవరయ్యకు అప్పగించారు. అన్నిటికన్నా అది నేర్చుకోవడానికే వాడికి ఎక్కువ రోజులు పట్టింది.

దాంతో అల్లుడి చేతిలో ఉన్న ఒక్క పనీ పోయింది. అతను ఖాళీగా ఉండడానికి వీల్లేదని మంత్రిగారు తేల్చారు. మూడేళ్ళు వరసగా గెలిచినవాళ్ళు ఎవరూ లేరు. కాబట్టి ఎర్ర టోపీ, తోలుసంచి రాజుగారి అల్లుడికి ఇచ్చారు. అతను ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు పంచాడు. ఒక్కటీ తప్పిపోలేదు.

కాబట్టి పిల్లలూ, నలుగురితో కలిసి పోయేటప్పుడు ఎటు తిరుగుతామో, ఎక్కడ ఆగుతామో పక్కవాళ్ళకు ముందే తెలియాలి, చేసేది మంచిపనే అయినా సరే.