రుచి చూడటం తినడమేనా?

మండపేటలో గవర్రాజు అనే పెళ్ళివంటల మేస్త్రి ఉండేవాడు. వంటలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడుగానీ, తనకి ఇబ్బందిగా ఉండే సంగతి ఏదైనా వస్తే సగం చెప్పి సగం మింగేసేవాడు. సాంబారులో ఉప్పు ఎక్కువైతే "ఈసారి కందిపప్పు కొత్తదండి" అనేవాడు. బొబ్బట్టు మాడితే "గాడిపొయ్యి గాలివాటుకి తవ్వారండి" అనేవాడు. అందులో అబద్ధమేమీ ఉండేది కాదు. కందిపప్పు నిజంగానే కొత్తది. గాలి నిజంగానే వీచేది. తన చెయ్యి జారిన సంగతి మాత్రం ఎవరికీ వినపడేది కాదు.

యాభై దాటాక గవర్రాజుకి రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయి. వారంలో మూడు రోజులు కాకినాడలో ఆసుపత్రికి వెళ్ళి డయాలసిస్ చేయించుకునేవాడు. మిగతా రోజుల్లో వంటలు మానలేదు. బరువులెత్తే పని మనుషులకి వదిలేసి, తాను గాడిపొయ్యి పక్కన కుర్చీ వేసుకుని గరిట ఝుళిపించేవాడు. కొన్నాళ్ళకి ఒళ్ళంతా ఒకటే దురద మొదలైంది. ఎముకలు సలపరించేవి. గరిట తిప్పితే మణికట్టు జివ్వుమనేది. ఆ బాధ ఎవరికి చెప్పినా వంట మానేయమంటారని భయపడి, మొహం నిండా నవ్వు పులుముకుని తిరిగేవాడు.

ఆ ఆసుపత్రిలో హిమజ అనే డాక్టరు సరిగ్గా ఈ బాధల మీదే పరిశోధన చేస్తోంది. ఒకరోజు ఆమె గవర్రాజు మంచం పక్కన కూర్చుని విడమరిచి చెప్పింది.

"మేస్త్రిగారూ, మన మెడలో కందిబద్దంతేసి గ్రంథులు నాలుగుంటాయి. పారాథైరాయిడ్ గ్రంథులంటారు. రక్తంలో కాల్షియం తగ్గకుండా చూడటం వాటి పని. కిడ్నీలు పనిచేయకపోతే తిండిలో, ముఖ్యంగా పాలతో, జీడిపప్పుతో చేసినవాటిలో ఉండే ఫాస్ఫరస్ బయటికి పోదు. పేరుకుపోతుంది. కాల్షియం తగ్గుతుంది. అప్పుడీ గ్రంథులు కంగారుపడిపోయి ఎముకల్లో ఉన్న కాల్షియాన్ని లాగేస్తుంటాయి."

"అంటే చెప్పాపెట్టకుండా కొట్టుగదిలో సరుకు తోడేసే పనోళ్ళన్నమాట!" అన్నాడు గవర్రాజు.

"అచ్చంగా అంతే!" అని నవ్వింది హిమజ. "ఇదిగో, ఇక్కడ అందరికీ ఇచ్చి పరీక్షిస్తున్న ఈ కొత్త బిళ్ళ అన్నం మధ్యలో నమిలి మింగాలి. తిండిలోని ఫాస్ఫరస్‌ని కడుపులోనే పట్టేస్తుంది. తిన్నప్పుడల్లా బిళ్ళ ఉండాలి. బిళ్ళ లేకుండా తింటే లాభం లేదు."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు గవర్రాజు. అన్నట్టుగానే ఇంట్లో ఏ పూటా బిళ్ళ మరిచిపోలేదు.

కొన్ని నెలలు గడిచాయి. పక్క మంచం మీద డయాలసిస్ చేయించుకునే సుభద్ర టీచరుకి దురద తగ్గింది. మిగతావాళ్ళకీ మేలు కనిపించింది. గవర్రాజుకి మాత్రం ఫాస్ఫరస్ తగ్గకపోగా ఇంకా పెరిగింది. హిమజ మొహం చిన్నబోయింది.

"ఎముకలు గుల్లబారుతున్నాయి మేస్త్రిగారూ. ఇలాగే ఉంటే మెడకి ఆపరేషన్ చేసి ఆ గ్రంథులు తీసేయాల్సి వస్తుంది. ఈలోగా జారిపడి ఎముక విరిగితే ఇక గరిట పట్టలేరు."

మెడ కోస్తారన్నదానికన్నా గరిట పట్టలేరన్న మాటకే ఎక్కువ హడలిపోయాడు గవర్రాజు.

"ఇంట్లో సరే, మరి పెళ్ళిళ్ళలో ఏం తింటున్నారు?" అని అడిగింది హిమజ.

"భలేవారే! ఆఖరి పంక్తి లేచేదాకా మేస్త్రి మెతుకు ముట్టకూడదండి. మా గురువుగారి ఆన. పెళ్ళిలో నేనేమీ తిననండి."

నిజానికి అప్పటిదాకా గవర్రాజు కూడా అలాగే అనుకుంటున్నాడు.

ఆ మర్నాడే ఊళ్ళో పెద్ద పెళ్ళి. జీడిపప్పు కూర ఉడుకుతుంటే గవర్రాజు గరిటతో తీసి అరచేతిలో వేసుకుని నాకాడు. "కారం పడాలిరా" అన్నాడు. పనీరు కూర అరచేతిలో వేసుకున్నాడు. పెరుగావడ తుంచి నోట్లో వేసుకున్నాడు. ఇక కోవా సంగతి చెప్పనే అక్కర్లేదు. తీపి సరిపోయిందా అని ఒకసారి చూశాడు. యాలకులు తగులుతున్నాయా అని ఇంకోసారి చూశాడు. ఆ తర్వాత బాగుంది కదా అని మరోసారి చూశాడు. బిళ్ళలు చొక్కా జేబులోనే భద్రంగా ఉన్నాయి. తినడం లేదు కాబట్టి వాటిని ముట్టుకోలేదు.

ఇంటికి రాగానే భార్య నాగరత్నం కంచం పెట్టింది.

"ఆకలి లేదే" అన్నాడు గవర్రాజు.

నాగరత్నం నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదంటారు. ఆకలీ లేదంటారు. మరి ఆ పొట్ట ఎవరు నింపారండీ?"

గవర్రాజుకి టక్కున వెలిగింది. అరచేతి వైపు చూసుకున్నాడు. అందులో ఇంకా యాలకుల వాసన వస్తూనే ఉంది. కానీ పాత అలవాటు ఊరుకుంటుందా? "ఎండకి ఆకలి చచ్చిందే" అన్నాడు. ఎండ నిజంగానే మండిపోతోంది.

తర్వాతి డయాలసిస్ రోజున హిమజ వచ్చింది. "మీరింత శ్రద్ధగా వేసుకున్నా ఫాస్ఫరస్ పెరిగిందంటే, ముందుముందు మిగతావాళ్ళకీ ఎదురుతిరుగుతుందేమోనని నాకు మందు మీదే అనుమానంగా ఉంది. సంగతి తేలేదాకా అందరికీ ఈ బిళ్ళ ఆపేద్దామనుకుంటున్నాను. మీ ఆపరేషన్‌కి కూడా రోజు చూస్తాను" అంది.

పక్క మంచం మీద సుభద్ర టీచరు గాభరాపడింది. "అయ్యో, ఆపకండి డాక్టరుగారూ! ఈ బిళ్ళ పుణ్యమా అని ఒళ్ళు గీరుకోకుండా కంటినిండా నిద్రపోతున్నాను. మళ్ళీ నాకా నరకం పెట్టకండమ్మా."

'ఇప్పుడు చెబితే ఇంతమందిలో పరువు పోతుంది. ఇన్నాళ్ళూ గొప్పగా గురువుగారి ఆన అన్నాను కదా' అనుకున్నాడు గవర్రాజు. సుభద్ర టీచరు కళ్ళలో నీళ్ళు చూశాడు. ఇక మింగడం అతనివల్ల కాలేదు.

"డాక్టరమ్మగారూ, మందుది తప్పు కాదండి. నాదండి. నేను తినలేదండి, కానీ రుచి చూశానండి."

"ఎంత రుచి చూశారు?"

గవర్రాజు అరచెయ్యి చాపాడు. చిన్న గిన్నె పట్టేంత అరచెయ్యి అది.

"ఎన్నిసార్లు?"

"ప్రతి గుండిగకీ అండి. కోవాకైతే..." అని తల దించుకున్నాడు. "కోవాకైతే మనసాగదండి."

వార్డంతా గొల్లున నవ్వింది. హిమజ కోప్పడుతుందనుకున్నాడు గవర్రాజు. ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "ఎంత మంచిమాట చెప్పారండీ! ఏం తిన్నారని అడిగానేగానీ, నోట్లో ఏమేం వేసుకున్నారని నేనెవర్నీ అడగలేదు. ఇలాంటివి ఇంకెవరికైనా ఉన్నాయా?"

సుభద్ర టీచరు మెల్లగా అంది: "మనవడు వదిలేసిన పాలు పారబోయడం ఇష్టం లేక తాగేస్తుంటాను. అది కూడా లెక్కేనామ్మా?" అవతల మంచం మీది పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "గుళ్ళో ఇచ్చే చక్రపొంగలి ప్రసాదమే కదండీ, తిండెలా అవుతుంది?" అన్నాడు. ఇక ఒకరి తర్వాత ఒకరు బయటపడుతుంటే ఆ పూట వార్డు పెళ్ళివారిల్లులా కళకళలాడింది. హిమజ బిళ్ళ ఆపలేదు. ఆపరేషన్ మాట కూడా కొంతకాలం పక్కన పెట్టింది.

అయితే రుచి చూడకుండా వంట ఎలా? చివరికి ఆ పని నాగరత్నానికి అప్పగించాడు గవర్రాజు. మొదటి రోజే పెద్ద రగడ అయింది.

"ఉప్పు తక్కువైంది" అంది నాగరత్నం.

"తక్కువా? నా వంటలోనా?"

"ఆయ్, మీ వంటలోనేనండి."

గవర్రాజు బుసలు కొట్టాడు. జేబు తడుముకుని బిళ్ళలు చూసుకున్నాడు. ఉప్పు వేశాడు. ఆ రోజు భోజనాలు అద్భుతమన్నారు అందరూ. గర్వంతో నాగరత్నం మెడ కాస్త పొడుగ్గా సాగింది.

నెలలు గడిచేకొద్దీ ఫాస్ఫరస్ దిగింది. దురద పోయింది. పారాథైరాయిడ్ గ్రంథులు నెమ్మదించాయి. "కొట్టుగదికి తాళం పడింది మేస్త్రిగారూ! ఆపరేషన్ అక్కర్లేదు" అంది హిమజ. గవర్రాజు అక్కడికక్కడే గాల్లో గరిట తిప్పి చూపించాడు. మణికట్టు జివ్వుమనలేదు. సంతోషం పట్టలేక కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ వారమే ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి తండ్రి వచ్చి, "మేస్త్రీ, పులిహోర మరీ పుల్లగా ఉందేం?" అన్నాడు.

చింతపండు కొత్తది. ఆ మాట గవర్రాజు నాలుక చివరిదాకా వచ్చింది. పక్కనే నాగరత్నం చూస్తోంది.

"మా ఆవిడ రుచి చూసి సరిపోయిందన్నాక కూడా ఇంకాస్త పులుసు పోశానండి. తప్పు నాదే. ఒక్క క్షణం ఆగండి, అన్నం కలిపి సరిచేస్తాను" అన్నాడు.

సరిచేశాడు. రెండో పంక్తిలో పులిహోర మారు అడగనివారు లేరు.

కాబట్టి పిల్లలూ, చెప్పాల్సిన చోట నిజాన్ని సగం మింగేస్తే ఆ సగమే మనల్ని లోపల్నుంచి తినేస్తుంది. ఉన్నదున్నట్టు చెబితే మనకే కాదు, మన పక్కవాళ్ళకీ మేలు జరుగుతుంది.