తెల్లనక్క పేరు పెట్టిన దీవి

అనగనగా ఒక దీవి. అడవి కాదర్రా, అక్కడ ఒక్క చెట్టు కూడా మొలవదు. గ్లోబు నెత్తిన వేలు పెట్టండి, అక్కడ. నడుమంతా మంచు, అంచుల్లో గులకరాళ్లు. చుట్టూ ఉన్న సముద్రం చాలా నెలలు గడ్డకట్టే ఉంటుంది.

ఒకప్పుడు ఓడల్లో మనుషులు వచ్చారు. కనిపించిన కొండకల్లా తమ పేర్లు పెట్టి వెళ్లిపోయారు. అదంతా చూసిన తెల్లనక్కకు తన పేరు కూడా ఎక్కడో ఒకచోట ఉండాలనిపించింది.

ఒక ఉదయం దానికి సముద్రం అవతల నీలంగా కొండలు కనిపించాయి. వెంటనే 'నక్క దీవి' అని పేరు పెట్టేసింది. పొడవాటి కోరలుండే సముద్రజంతువు వాల్రస్ అడిగితే చూశానంది. జింక అడిగితే దగ్గరదాకా వెళ్లొచ్చానంది. అప్పటినుంచి అందరూ దానికి దారి వదిలి నిలబడేవారు.

వేసవి వచ్చింది. సముద్రం మీది మంచు పలకలు పలకలుగా విరిగింది. మంచు మీద నిలబడి సీల్ జంతువులను వేటాడే తల్లి ఎలుగుకు తిండి కరువైంది. దాని పిల్లకు ఎముకలు తేలాయి. ఎలుగు నక్క దగ్గరకు వచ్చింది.

"తమ్ముడూ, నిజం చెప్పు. ఆ దీవి మీద కాలు పెట్టావా?"

దూరం నుంచి చూశానంతే అని నక్క అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. కానీ వాల్రస్, జింక పక్కనే నిలబడి వింటున్నాయి.

"పెట్టానక్కా. ఒడ్డు నిండా సీళ్లే."

"అయితే నా వీపెక్కు. దారి నువ్వే చూపించు."

ఇక నక్కకు ఎక్కక తప్పలేదు. ఎలుగు ఈదింది, పక్కనే పిల్ల ఈదింది. ఈదిన కొద్దీ కొండలు వెనక్కి జరిగాయి. మధ్యాహ్నానికి మాయమయ్యాయి. ఎండాకాలం తారురోడ్డు మీద నీళ్లున్నట్టు కనిపిస్తుంది కదా? అక్కడ చల్లగాలి సముద్రం మీద కొండలున్నట్టు చూపిస్తుంది. అదీ ఎండమావే.

పిల్ల అలసిపోయి మునగసాగింది. వీపు మీద ఒక్కరికే చోటు. ఎలుగు కోప్పడలేదు.

"దిగు తమ్ముడూ," అంది.

నక్క ఒక మంచుపలక మీదకు దిగింది. ఎలుగు పిల్లను వీపున వేసుకుని, ఉన్న శక్తంతా కూడగట్టుకుని వెనక్కి ఈది, ఎలాగో ఒడ్డు చేరింది. అక్కడ కొట్టుకొచ్చిన చచ్చిన తిమింగలం దొరికింది కాబట్టి పిల్ల బతికింది.

కొన్నాళ్లకు గాలి మళ్లింది. చాపంత మిగిలిన పలక మీద నక్క ఒడ్డు దగ్గరకు తేలివచ్చింది.

"ఏం బావా, నక్క దీవి ఎలా ఉంది?" అని వాల్రస్ అడిగింది.

నక్క తన కాళ్ల కిందకు చూసుకుంది.

"దీని మీద మాత్రం నిజంగానే కాలు పెట్టాను. కరిగిపోతోంది."

ఎలుగే నీళ్లలోకి దిగి ఆ పలకను ఒడ్డుకు నెట్టింది.

నీతి: చూసింది చూశామనే చెప్పాలి. వెళ్లొచ్చామని చెబితే, ఆ మాట నమ్మి పిల్లలతో సహా బయలుదేరేవాళ్లుంటారు.